సొరబుర్రలో పెళ్ళిపిలుపు

కార్తీక శుద్ధ పంచమి, గురువారం. పొద్దు గట్టు మీదికి మూరెడు లేచి, ఇంటి ముందరి నాపరాళ్ళు అప్పుడప్పుడే వెచ్చబడే వేళ. సరిగ్గా ఆ గడియలో మొదలైంది చిట్టీ ఈ కథ. దిండు సరిగ్గా పెట్టుకో, చెబుతా.

అనగనగా అంటాను గానీ, ఇది మరీ అంత అనగనగా కాదు. మా అవ్వ ఓబులమ్మ నాటి సంగతి. ఊరి పేరు గట్టుపల్లె. ఆ ఊళ్ళో గోడలు నాపరాళ్ళు, ఇంటికప్పు నాపరాళ్ళు, పడుకునే అరుగు నాపరాయి. మెత్తగా ఉండేది జొన్నరొట్టె ఒక్కటే. అదీ వేడి మీద ఉన్నంతసేపే.

ఆ గురువారం ఓబులమ్మ కూతురు సుంకులమ్మకు లగ్నపత్రిక రాశారు. సుంకులమ్మ అంటే మా అమ్మే. పదిహేనో రోజున, బహుళ పంచమి శుక్రవారం, పెళ్ళి. తాంబూలాలు ఇచ్చుకున్నారు, బెల్లం పంచారు. అప్పుడు మగపెళ్ళివారి పెద్దాయన ఆకు నములుతూ ఒక మాట అడిగాడు.

"గంప ఎత్తే మేనమామ యాడమ్మా? కనపళ్ళేదే."

అంతే. బెల్లం తింటున్న వాళ్ళందరి నోళ్ళూ ఆగిపోయాయి.

మనలో పెళ్ళికూతురు పందిట్లోకి నడిచిపోకూడదు కదా. బియ్యం పోసిన గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకురావాలి. సుంకులమ్మకు మేనమామ లేకనా? నిక్షేపంలా ఉన్నాడు. పేరు మద్దిలేటి. ఓబులమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. గట్టు దిగితే అవతల బుగ్గపల్లె, ఆమె పుట్టిల్లు. అక్కడ కొండ అడుగున రాతి నంది ఉంది. ఆ నంది నోట్లోంచి ఏడాది పొడుగునా నీళ్ళు పడతాయి. ఆ ఊటనే బుగ్గ అంటారు. బుగ్గకు దీపం పెట్టేవాడు మద్దిలేటి.

కానీ అక్కకూ తమ్ముడికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

ఎందుకు లేవంటావా? పొలం కోసం కాదు, నగ కోసం కాదు. బుగ్గలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయన్న దాని కోసం.

గట్టుపల్లె పక్కన ఒక వంక పారుతుంది. పారి పారి, గట్టు దగ్గరికి పోయి మాయమైపోతుంది. అది సున్నపురాయి గట్టు తల్లీ. పైకి చూస్తే గట్టిదే, లోపలంతా చీమలపుట్ట మాదిరి బొక్కలే. అందుకని గట్టుపల్లె వాళ్ళు, "మా వంకే లోలోపల పోయి మీ బుగ్గలో తేలుతుంది" అనేవాళ్ళు. బుగ్గపల్లె వాళ్ళకు ఆ మాట వింటే కారం పూసినట్టు ఉండేది. "మా బుగ్గలోది కాశీ గంగ. భూమి అడుగునే నడిచి వస్తుంది" అనేవాళ్ళు.

ఓబులమ్మ పెళ్ళి కాకముందు కాశీ పక్షం. పెళ్ళయ్యాక వంక పక్షం. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ నాయన తద్దినం నాడు తమ్ముడు వచ్చి అన్నం తింటూ ఉంటే, ఈమె నెయ్యి వడ్డిస్తూ ఆ మాట ఎత్తింది. మద్దిలేటి చారు దగ్గర ఊరుకున్నాడు. మజ్జిగ దగ్గర లేచాడు.

"పుట్టింటి గంగను మెట్టింటి వంకను చేసినావు కదక్కా. కాశీ గంగ అని నీ నోటితో అనేదాకా నీ గడప తొక్కను."

"మా వంక నీళ్ళే అని నీ నోటితో నువ్వనేదాకా నేను గట్టు దిగను పో."

ఇద్దరూ చేతిలో నీళ్ళు పోసుకొని మరీ అన్నారు. నీళ్ళ సంగతి మీద నీళ్ళతోనే ఒట్టు. దేవుడి ముందు అన్న మాట, తప్పితే కళ్ళు పోతాయి. మా తాత పుల్లన్న పాపం మధ్యలో నిలబడి, "రెండూ నిజమేనేమో" అన్నాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను తిట్టారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని ఇంకొకటి లేదు.

సరే, మగపెళ్ళివారు వెళ్ళిపోయారు. అప్పుడు పుల్లన్న గొంతు సవరించుకొని, "మా చిన్నాయన కొడుకును ఎత్తమందాములే" అన్నాడు.

సుంకులమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నన్ను భుజం మీద ఎక్కించుకొని బుగ్గకు తీసుకపోయింది మామ. మామ ఎత్తితే గంపలో కూర్చుంటా. లేదంటే పందిట్లోకి నడుచుకుంటా పోతా."

పెళ్ళికూతురు నడిచిపోతే ఊరు నవ్వదూ? ఓబులమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. మేనమామ పిలుపు ఎవరితోనో చెప్పి పంపేది కాదు. అక్కే స్వయంగా ఆకూ వక్కా అందించాలి. గట్టు దిగితే ఒట్టు పోతుంది. దిగకపోతే తమ్ముడు పోతాడు.

ఆలోచించి ఆలోచించి, ఓబులమ్మ లేచి కొంగు బిగించింది. "వంక నీళ్ళే అని వాడి కంటికి చూపిస్తే సరి. ఒప్పుకొని వాడే వస్తాడు."

మర్నాడు శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ బయలుదేరారు. ముందర ఓబులమ్మ చేటలో జొన్నపొట్టుతో. వెనక సుంకులమ్మ. ఆ వెనక పుల్లన్న, సద్ది మూటతో. ఎక్కడికి పోయినా సద్ది మాత్రం మరవడు ఆయన.

వంక ఒడ్డునే పట్టుకొని నడిచారు. మొదట కోడిపుంజు బండ వచ్చింది. వానలు చెక్కీ చెక్కీ ఆ బండకు ముక్కూ తురాయీ పెట్టాయి. దాని ముందర ఆగి ఒక దణ్ణం పెట్టుకోవాలి, లేకపోతే దారి తప్పిస్తుందట. ఆ తర్వాత గాలిబొక్క వచ్చింది. బండలో చారెడు కన్నం, లోపలినుంచి చల్లగా ఊపిరి వదిలినట్టు గాలి వస్తుంది. పుల్లన్న అక్కడ చెమట ఆర్చుకుందామని వంగాడు. తలగుడ్డ ఎగిరి తుమ్మ కంప మీద పడింది. ఆ తర్వాత నక్కబొంద వచ్చింది. అక్కడ వంకలో సగం నీళ్ళు గడగడమని ఒక చీలికలోకి దిగిపోతున్నాయి.

"ఇదే, ఇందులో వేస్తే బుగ్గలో తేలాలి," అంది ఓబులమ్మ. దణ్ణం పెట్టి, చేటెడు పొట్టూ అందులో పోసింది.

అప్పుడు ముగ్గురూ కూర్చొని సద్ది విప్పారు. రెండు ముద్దలు తిన్నారో లేదో, పుల్లన్న పక్కకు చూసి, "ఓబులా, ఆ పొట్టు ఎవరిది?" అన్నాడు.

చూస్తే ఏముంది, ఇరవై అడుగుల అవతల ఇంకో చీలికలోంచి పొట్టంతా బయటికి తేలి, మళ్ళీ వంకలో కలిసి, వాళ్ళ కాళ్ళ ముందునుంచే దర్జాగా పోతా ఉంది.

ఓబులమ్మ చెయ్యి కడిగేసుకుంది. మిగిలిన సద్ది తినలేదు. అది పుల్లన్న తిన్నాడు.

ఆదివారం మళ్ళీ బయలుదేరారు. ఈసారి కోడిపుంజు బండకు రెండు దణ్ణాలు పెట్టారు. నక్కబొంద దాటి, వంక చివరిదాకా పోయారు. అక్కడుంది మింగుడు గుండం. వంక నీళ్ళన్నీ అందులో పడి, గిరగిరా తిరిగి, కిందికి పోయి, ఇక కనిపించవు. పొట్టు అయితే బుగ్గలో చేపలు తినేస్తాయని, ఓబులమ్మ ఈసారి పసుపు తెచ్చింది. పెళ్ళికని కొట్టించిన పసుపు. గోనెసంచి నిండా.

"అమ్మా, అది నా నలుగు పసుపు," అంది సుంకులమ్మ.

"మామ వస్తే నలుగెందుకే? నీ ముఖం దానంతటదే వెలిగిపోతుంది," అని సంచి బోర్లించింది ఓబులమ్మ. గుండం చామంతిపూవు రంగుకు తిరిగి, మింగేసింది.

మంగళవారం గాజుల ఖాసింబీ వచ్చింది. గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకొని రెండు ఊళ్ళూ తిరిగే మనిషి. ఓబులమ్మ చెయ్యి చాపకుండానే అడిగింది. "ఖాసింబీ, నిన్న బుగ్గ రంగు మారిందా?"

"మారకేం ఓబులక్కా. పచ్చగా మారింది. కార్తీక సోమవారం కదా, ఊరంతా మునకలేస్తా ఉండారు. మనుషులు కూడా పచ్చగా లేచినారు."

ఓబులమ్మ మోకాళ్ళ మీద చరుచుకుంది. "అయితే ఒప్పుకున్నారా?"

"ఏం ఒప్పుకునేది? కాశీనుంచి గంగమ్మ పసుపు పంపింది అన్నారు. టెంకాయలు కొట్టినారు, పలకలు వాయించినారు. నీ తమ్ముడు పొర్లుదండాలు పెట్టినాడు. నేను చెప్పినానక్కా, అది ఓబులక్క ఇంటి పసుపు అని. 'ఖాసింబీ, నువ్వు గాజుల సంగతి చూసుకో, గంగ సంగతి మేం చూసుకుంటాం' అన్నారు."

అని మలారంలోంచి ఒక ఆకు పొట్లం తీసి ఇచ్చింది. "ఇదో, ప్రసాదం. మీ ఇంటికి కూడా ఇమ్మన్నారు."

ఓబులమ్మ పొట్లం విప్పి వాసన చూసింది. తన పసుపే. తన రోట్లో, తన రోకటితో కొట్టినది. అయినా ప్రసాదం అన్నాక ఏం చేస్తుంది? కళ్ళకద్దుకొని బొట్టు పెట్టుకుంది. ఆ తర్వాత మూలన కూర్చొని కాసేపు ఏడ్చింది. సుంకులమ్మ పక్కన కూర్చొని, ఉన్న ఆ చిటికెడుతోనే తనూ బొట్టు పెట్టుకుంది.

ఇక పెళ్ళి పదిరోజుల్లోకి వచ్చేసింది. ఓబులమ్మ ఆ సాయంత్రం దీపం ముందర కూర్చొని, దేవుడితోనే అంది. "స్వామీ, గెలవడం నాకొద్దు. పిలుపు అందితే చాలు."

అట్లా అనగానే ఆమెకు ఉపాయం తట్టింది. కావాలంటే నువ్వూ అని చూడు ఎప్పుడైనా, గెలవడం వద్దు అంటేనే దారి కనపడుతుంది.

తను గట్టు దిగకూడదు. నీళ్ళు దిగవచ్చు కదా.

అటక మీదినుంచి ఎండిన సొరబుర్ర ఒకటి దించింది. రెండు పిడికిళ్ళంత ఉంటుంది. ముచ్చిక కోసి, లోపల ఆకులూ వక్కలూ పెట్టింది, పసుపుకొమ్ము పెట్టింది, అక్షింతలు వేసింది. ఆ తర్వాత తన పెట్టె అడుగునుంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో ఐదు గచ్చకాయలు. చిన్నప్పుడు బుగ్గ దగ్గర బండ మీద ఆడి, తమ్ముడి దగ్గర గెలుచుకున్నవి. వాడు మూడు రోజులు ఏడ్చినా ఇవ్వలేదట. పెళ్ళయి వచ్చేటప్పుడు పెట్టెలో దాచుకొని మరీ తెచ్చుకుంది. అవీ బుర్రలో వేసి, ముచ్చిక మూసి, తేనెమైనంతో బిగించింది.

గురువారం, క్షీరాబ్ధి ద్వాదశి నాడు, మళ్ళీ ముగ్గురూ పోయారు. కోడిపుంజు బండకు మూడు దణ్ణాలు. మింగుడు గుండంలో సొరబుర్ర వేశారు. అది గిర్రున తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. తిరుగుతూనే ఉంది. పసుపు కరుగుతుంది గానీ బుర్ర తేలుతుంది కదా తల్లీ. గుండం మింగదు, ఉమ్మదు.

"పక్కన గవి ఉంది," అన్నాడు పుల్లన్న. గవి అంటే గుహ. "అందులో దూరి పోతే నీళ్ళు అడుగుకు దిగే చోటు వస్తుందంట. నేను పోతా."

బుర్రను కర్రతో లాగి తీశారు. పుల్లన్న గవిలో తల పెట్టాడు, భుజాలు పెట్టాడు. పొట్ట దగ్గర ఆగిపోయాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు. మూడు రోజుల సద్ది అంతా అక్కడ లెక్క చెప్పింది. నువ్వా నేనా అన్నట్టు తల్లీ కూతురూ చెరో కాలు పట్టి లాగితే బయటపడ్డాడు గానీ, పంచె సగం గవికే కానుక అయిపోయింది.

అప్పుడు సుంకులమ్మ బుర్ర కొంగున కట్టుకుంది. ఓబులమ్మ అడ్డం పడింది. "పెళ్ళికూతురు గవిలోకి పోగూడదే."

"గంప లేని పెళ్ళికూతురు యాడికైనా పోవచ్చు," అని సుంకులమ్మ బోర్లా పడుకొని పాక్కుంటూ లోపలికి పోయింది.

లోపల ఎట్లా ఉందో మా అమ్మ నాకు వందసార్లు చెప్పింది. పైకప్పునుంచి ఆవు పొదుగుల మాదిరి తెల్లటి రాళ్ళు వేలాడుతున్నాయట. ఒక్కో పొదుగు చివర ఒక్కో చుక్క. ఆ చుక్క పడితే, ఎవరో పూజ చేస్తూ చిన్న గంట కొట్టినట్టు వినిపిస్తుందట. పైన ఎక్కడో ఉన్న కన్నంలోంచి పలకంత వెలుగు పడి, దాని కింద నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా ఒక బండ కిందికి జారిపోతున్నాయట. భయం వెయ్యలేదా అమ్మా అంటే, "గుళ్ళో భయమెందుకు?" అనేది. బుర్రను ఆ నీళ్ళలో వదిలి, "మామా, నేను సుంకులును. గంప తీసుకొని రా" అని బండ కిందికి కేక వేసి వచ్చింది.

ఆ తర్వాత ఎదురుచూశారు. పసుపు ఒక్క రాత్రిలో పోయింది కదా, బుర్రా పోవాలి. శుక్రవారం పోయింది. శనివారం ఖాసింబీ వచ్చి, బుర్ర రాలేదని తల అడ్డంగా ఊపి పోయింది. సోమవారం పోయింది, బుధవారం పోయింది. పందిరి వేశారు, అరిటిచెట్లు కట్టారు. ఓబులమ్మ పని చేస్తూ చేస్తూ గట్టు వైపు చూసేది. వంక నీళ్ళు అటు పోవేమో. బుర్ర ఏ చీకట్లోనో తిరుగుతూ ఉందేమో. తమ్ముడి గచ్చకాయలు కూడా పోగొట్టుకున్నానేమో.

పెళ్ళిరోజు వచ్చింది. శుక్రవారం పొద్దున్నే సుంకులమ్మకు తలంటి, పట్టుచీర కట్టారు. మేళం వాళ్ళు సన్నాయి సవరించుకుంటున్నారు. గంపలో బియ్యం పోసి అరుగు మీద పెట్టారు. దాని ముందర పుల్లన్న చిన్నాయన కొడుకు నడుముకు తువ్వాల చుట్టుకొని నిలబడ్డాడు. సుంకులమ్మ అతని వైపు చూడలేదు, గంప వైపూ చూడలేదు.

అప్పుడు గట్టు మీదినుంచి ఒక మనిషి దిగుతూ కనిపించాడు. నెత్తిన పెద్ద గంప. చంకలో సొరబుర్ర. నెత్తి మీద గంపకు కింద, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.

మద్దిలేటి వచ్చి గడప ఇవతలే నిలబడ్డాడు. లోపల అడుగు పెట్టలేదు. ఓబులమ్మ గడప అవతల నిలబడింది. సన్నాయి ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు మద్దిలేటి, "మొన్నటినుంచి నంది నోట్లో నీళ్ళు సన్నబడినాయి. నిన్న పొద్దునకు చుక్క లేదు. ఊరంతా నా మీదికి వచ్చినారు, దీపం సరిగ్గా పెట్టలేదని. నంది గొంతులో వెదురు పెట్టి పొడిస్తా ఉంటే, ఫట్‌మని ఇది వచ్చి నా నుదుటి మీద కొట్టింది. దాని వెనక నీళ్ళు వచ్చినాయి. నేను బురదలో వెల్లకిలా పడినా."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ఆమెకే తెలీదు.

"ఊళ్ళో వాళ్ళు ఏమన్నారో తెలుసా? కాశీ విశ్వనాథుడు సొరబుర్ర పంపినాడు అన్నారు. పలకలు తెచ్చినారు. నేను బుర్ర విప్పి చూసినా. ఆకూ వక్కా, అక్షింతలు. పెళ్ళి ఈ పొద్దేనని ఖాసింబీ చెప్పనే చెప్పింది." మద్దిలేటి గుప్పిట తెరిచాడు. ఐదు గచ్చకాయలు. "విశ్వనాథుడికి గచ్చకాయలాట రాదు కదక్కా."

అని గుప్పిట మూసి, మెల్లగా అన్నాడు. "మీ వంక నీళ్ళే."

ఓబులమ్మకు గెలుపు అందింది. తొమ్మిదేళ్ళ గెలుపు. కానీ తమ్ముడి బొప్పి చూసింది, గంప చూసింది. చెయ్యి పట్టుకొని లోపలికి లాగుతూ అంది. "మా వంకకు మాత్రం నీళ్ళు యాడివిరా? పైనుంచి వచ్చినవే కదా. కాశీ గంగే పో."

ఇద్దరి ఒట్టూ తీరింది. మూలనుంచి పుల్లన్న అన్నాడు. "తొమ్మిదేళ్ళ కిందట నేను చెప్పింది ఇదే."

ఇద్దరూ కలిసి మళ్ళీ ఆయన్ను తిట్టారు.

సుంకులమ్మ తనంతట తానే పోయి మామ గంపలో కూర్చుంది. మద్దిలేటి ఎత్తాడు. "అబ్బో, భుజం మీద ఎక్కించుకున్ననాడు ఇంత బరువు లేవే," అన్నాడు. "తొమ్మిదేళ్ళు ఆలస్యం చేస్తే ఇట్లనే ఉంటుంది మామా," అంది పెళ్ళికూతురు. మూడు చోట్ల ఆగి, మూడుసార్లు ఊపిరి తీసుకొని, పందిట్లో దించాడు. కళ్ళు తుడుచుకుంటే చెమట అన్నాడు.

పెళ్ళి బాగా జరిగింది. విందు అయ్యాక, పొద్దు వాలే వేళ, అక్కా తమ్ముడూ అరుగు మీద నాపరాయి తుడిచి గచ్చకాయలు ఆడారు. మొదటి ఆట అక్క గెలిచింది. రెండో ఆట అక్క గెలిచింది. మూడో ఆట కూడా అక్కే గెలిచి, ఐదు కాయలూ కొంగున కట్టుకుంది. మద్దిలేటి మూతి ముడుచుకొని, మజ్జిగ కూడా తాగకుండా గట్టెక్కి వెళ్ళిపోయాడు. సొరబుర్ర అరుగు మీదే మరిచిపోయాడు.

మర్నాడు శనివారం పొద్దున, పెళ్ళి గిన్నెలు తోమక ముందే, పందిరి విప్పక ముందే, ఆ ఇంటివాళ్ళు ఏం చేశారో తెలుసా? ఓబులమ్మ ఆ బుర్రలో నాలుగు నువ్వులుండలు పెట్టి, పైన ఐదు గచ్చకాయలూ వేసి, మైనంతో మూసింది. ఇంకో తొమ్మిదేళ్ళు ఎవరు ఆగుతారు? అందరూ కలిసి గవి దగ్గరికి నడిచారు. కొత్త అల్లుడు పాక్కుంటూ ముందర పోయాడు, సుంకులమ్మ వెనకనుంచి దారి చెప్పింది. అత్తగారింట్లో ఆయనకు మొదటి పని అదే. పుల్లన్న మాత్రం బయటే కూర్చొని సద్ది విప్పాడు.

వంక పోయె గవిలోకి, గవి పోయె బుగ్గలోకి,
అక్క కోపం నీళ్ళలోకి, తమ్ముడి బొప్పి మందులోకి,
సుంకులమ్మ గంపలోకి, పుల్లన్న ముద్ద నోట్లోకి,
కథమ్మ నడిచె కంచి దారికి, చిట్టి కళ్ళు నిద్ర ఊరికి.